గుంటూరు నల్లరేగడిలో చలిదేశపు డ్రెయిన్ వాల్వులు: ఒక ఇంటి లాన్ స్ప్రింక్లర్ రిపేరు కేసు

ఇల్లు గుంటూరు శివారులో ఉంది. ఇంటి ముందు 9 మీటర్ల వెడల్పు, 27 మీటర్ల పొడవు లాన్, అంటే సుమారు 290 గజాలు. కడియం నుంచి తెచ్చిన గడ్డి పరిచారు. పైన ఆరంగుళాలు ఎర్రమట్టి పోశారు, దాని కింద అసలు నేల నల్లరేగడి. ఇంటి వైపు నుంచి కాంపౌండు గోడ వైపుకి 40 సెంటీమీటర్ల వాలు. బోరు నీళ్లు సంపులో పడతాయి, అక్కడి నుంచి 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు లాన్‌కి తోడుతుంది. నీళ్లు ఉప్పగా ఉంటాయి. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 1,400 పీపీఎం చూపించింది.

స్ప్రింక్లర్ సామాను యజమాని గారి అబ్బాయి అమెరికాలో తానుండే మంచు రాష్ట్రం నుంచి తెచ్చారు. వేళకి నీళ్లు వదిలే కంట్రోలరు, కరెంటుతో తెరుచుకునే మూడు సోలినాయిడ్ వాల్వులు, నీళ్లు వచ్చినప్పుడు నేలలోంచి పైకి లేచి చిమ్మే 21 పాప్-అప్ హెడ్లు, మోటారు ఆగగానే పైపులోని నీటిని నేలలోకి వదిలేసే ఆరు ఆటోమేటిక్ డ్రెయిన్ వాల్వులు, వాటితోపాటు ఎక్కడ ఏది పెట్టాలో చూపే డ్రాయింగు. పైపులు మాత్రం ఇక్కడివే, 32 ఎంఎం, 25 ఎంఎం పీవీసీ. స్థానిక ప్లంబరు డ్రాయింగు ప్రకారమే, శుభ్రంగా బిగించాడు. బిగింపులో నిర్లక్ష్యం ఎక్కడా లేదు, ఆ మాట ముందే చెప్పాలి.

ఫిర్యాదు

మార్చి రెండో వారంలో మమ్మల్ని రిపేరుకి పిలిచారు. లాన్ మధ్యలో రెండు చోట్ల గడ్డి పసుపెక్కి ఎండుతోంది. గోడ పక్కన ఆరు చోట్ల మాత్రం కాలు పెడితే దిగబడుతోంది. నడక దారి పలకలు రెండు పైకి లేచాయి. మోటారు రోజూ గంటకు పైగా తిరుగుతున్నా ఎండిన చోటికి నీరు చాలడం లేదు.

మేము వెళ్లేసరికి మూడు ప్రయత్నాలు అయిపోయాయి. ఒక్కో జోన్ (ఒక సోలినాయిడ్ వాల్వు కింద నడిచే హెడ్ల గుంపు) సమయం 10 నిమిషాల నుంచి 25 నిమిషాలకు పెంచారు. దాంతో బురద చోట్ల బురద పెరిగింది, ఎండిన చోట్లు అలాగే ఉన్నాయి. ఎండిన చోట రెండు హెడ్లకు ఎక్కువ నీరు వదిలే నాజిళ్లు (నీరు చిమ్మే మూతులు) వేశారు. లైనులో ప్రెషర్ చాలనప్పుడు నాజిల్ పెద్దది చేస్తే ఉన్న ప్రెషర్ కూడా పడిపోయి, పక్క హెడ్లు కూడా కుంటుతాయి. మూడోది పసుపు మచ్చల మీద తెగులు మందు. ఇక 2 హెచ్‌పీ మోటారు కొనడమే మిగిలిందని అనుకుంటున్నారు. అది మాత్రం ఆపమన్నాం. ఒకే లాన్‌లో ఒక చోట ఎండు, ఇంకో చోట బురద ఉన్నాయంటే నీళ్లు లోపలికి వస్తున్నాయి, చేరాల్సిన చోటికి చేరడం లేదు. మోటారు పెంచితే చేరకూడని చోటికే ఇంకా ఎక్కువ చేరతాయి.

మొదటి కొలతలు

ఈ హెడ్లలో ఉన్నవి 15 అడుగుల నాజిళ్లు. 2.1 బార్ ప్రెషర్ దగ్గర పూర్తి వలయం నాజిల్ నిమిషానికి సుమారు 14 లీటర్లు, సగం వలయానిది 7, మూలన పెట్టే పావు వలయానిది 3.5 లీటర్లు వదులుతుంది. ఈ లాన్‌లో నాలుగు మూలలు, 12 అంచు హెడ్లు, 5 మధ్య హెడ్లు, మొత్తం నిమిషానికి 168 లీటర్లు. మూడు జోన్లకు పంచితే ఒక్కోదానికి 56 లీటర్లు. 1 హెచ్‌పీ మోటారుకి ఇది మోయలేని బరువేం కాదు.

ఎక్కువ ఫిర్యాదు ఉన్న రెండో జోన్ నడిపి గేజు పెట్టాం. మోటారు దగ్గర 2.3 బార్, చివరి హెడ్ కింద 1.1 బార్. ఆ ప్రెషర్‌కి పాప్-అప్ కాండం పూర్తిగా లేవదు, లేచినా చుట్టూ ఉన్న సీలు బిగుసుకోక కాండం అడుగునే నీళ్లు కారిపోతాయి. తర్వాత లాన్ మీద ఒకే కొలత స్టీలు గ్లాసులు 16 వరుసగా పెట్టి 10 నిమిషాలు నడిపాం. సగటున 4.4 మిల్లీమీటర్ల నీరు పడింది. అన్నిటికన్నా తక్కువ పడిన నాలుగు గ్లాసుల సగటు 1.5. ఆ రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే 34 శాతం. గడ్డి రంగు చూసి వాదించుకునే కన్నా, నీరు ఎంత సమంగా పడుతోందో చెప్పే ఈ ఒక్క అంకె చాలు.

మొదట చేసింది అందరూ చేసేదే. ఫిల్టర్ జాలి విప్పి కడిగాం. ఉప్పు పెచ్చు కట్టిన నాజిళ్లను లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పళ్ల బ్రష్షుతో రుద్దాం. పిన్నీసుతో పొడవకూడదు. చిల్లు పిసరంత పెద్దదైనా నీటి తెర చీలిపోతుంది. పెద్ద నాజిళ్లు తీసి పాత సైజువి పెట్టాం. చివరి హెడ్ దగ్గర ప్రెషర్ 1.5 బార్‌కి వచ్చింది. వారం తర్వాత చూస్తే 1.3. హెడ్ల లోపలి చిన్న జాలీలు మళ్లీ నిండిపోయాయి.

నల్ల బురద ఎక్కడిది?

ఆ రెండోసారి విప్పినప్పుడే కేసు మలుపు తిరిగింది. మోటారు పక్కనున్న ఫిల్టర్‌లో పట్టింది బోరు ఇసుక, పసుపుపచ్చగా, గరుకుగా ఉంది. హెడ్ల జాలీలో పట్టింది వేరు. నల్లగా, వెన్నలా, వేళ్ల మధ్య రుద్దితే జారిపోయే రేగడి. ఫిల్టర్ దాటి రాని మట్టి హెడ్‌లో ఉందంటే ఫిల్టర్‌కి, హెడ్‌కి మధ్య పైపు ఎక్కడో నేలలోకి తెరుచుకుని ఉంది. పగిలిన జాయింటైనా కావాలి, లేదా తెరుచుకునేలా చేసిన భాగమైనా కావాలి.

తోటమాలి చెప్పిన మాట ఇక్కడే పనికొచ్చింది: "మోటారు ఆపినాక గోడ పక్కన భూమిలో గుడగుడమంటుద్దండీ, ఐదు నిమిషాలదాకా." పైపులోని నీరు కింద నుంచి జారిపోతుంటే పైన హెడ్లు గాలి పీల్చుకునే చప్పుడు అది. పగుళ్లయితే మోటారు నడిచేటప్పుడే ఎక్కువ గోల చేస్తాయి. ఆగాక మొదలయ్యే చప్పుడు డ్రెయిన్ వాల్వునే చూపిస్తుంది.

అనుమానం తేల్చడానికి లీకు కొలిచాం. రెండో జోన్‌లో ఏడు హెడ్ల నాజిళ్లు తీసి మూతలు బిగించాం. బోరు మోటారు ఆపాం. సంపు లోపలి కొలత 2 మీటర్లు, 1.5 మీటర్లు, కాబట్టి నీటి మట్టం సెంటీమీటరు తగ్గితే 30 లీటర్లు పోయినట్టు. కర్రకు సుద్దతో గీత పెట్టి 10 నిమిషాలు నడిపాం. హెడ్లన్నీ మూసేశాం కాబట్టి మట్టం కదలకూడదు. 4 సెంటీమీటర్ల మీద కాస్త దిగింది, అంటే సుమారు 130 లీటర్లు, నిమిషానికి 13. మొదటి జోన్‌లో 6, మూడో జోన్‌లో 9 వచ్చింది. హెడ్లు మూసినప్పుడు ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి లీకు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, మామూలుగా నడిచేటప్పుడు రెండో జోన్‌లో 8 లీటర్ల దరిదాపుల్లో ఉంటుందని లెక్కవేశాం. ఒక పూర్తి హెడ్ తాగే నీటిలో సగానికి పైగా నేలపాలు.

గోడ పక్కన తవ్వాం. గునపం వద్దన్నాం. పైపు దగ్గరికొచ్చాక తాపీతో, చేత్తో తీశాం. అడుగు లోతులో, లైను చివర, కిందికి తిరిగి ఉన్న బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ వాల్వు. చుట్టూ కంకర లేదు, బంకమట్టి ముద్దలో పాతేసి ఉంది. విప్పితే లోపలి రబ్బరు సీటు మీద రెండు ఇసుక రేణువులు, వాటిని పట్టుకుని తెల్లటి ఉప్పు పెచ్చు, ఒక పక్కకి నల్లటి బురద చార. ఆ రెండు రేణువుల సందే లీకు.

ఈ వాల్వు ఎందుకు పుట్టిందో తెలిస్తే తక్కినదంతా విడిపోతుంది. గడ్డకట్టే దేశాల్లో పైపులో నీరు నిలిస్తే మంచుగా మారి తొమ్మిది శాతం వరకు ఉబ్బుతుంది, పైపు పగులుతుంది. అందుకని ప్రెషర్ ఉన్నంతసేపు మూసుకుని, మోటారు ఆగి ప్రెషర్ పడిపోగానే తెరుచుకుని లైను ఖాళీ చేసే వాల్వును లోతట్టు చోట పెడతారు. ఆ నీరు ఇంకడానికి కింద కంకర గుంట తీస్తారు. చలి మొదలవక ముందు కంప్రెసర్‌తో గాలి పట్టి లైను ఊదిస్తారు కూడా. ఆ ఊదించడం గురించిన కాగితం ఈ ఇంటి ఫైల్లో ఉంది. అక్కడ అదంతా సరైన పనే. గుంటూరులో సంక్రాంతి తెల్లవారుజామున కూడా నీరు గడ్డకట్టే చలి దరిదాపులకు రాదు. అంటే ఈ వాల్వు కాపాడటానికి ఇక్కడ ఏమీ లేదు, రోజుకి మూడుసార్లు లైను ఖాళీ చేయడం మాత్రం మానలేదు. ఒక్కో జోన్ పైపుల్లో పట్టే నీరు సుమారు 24 లీటర్లు. మూడు జోన్లు, మూడు తడులు, రోజుకి 216 లీటర్లు, అవీ ఆరే ఆరు చోట్ల. తడిసిన రేగడి ఉబ్బుతుంది, పలకలు లేచింది అందుకే. తడి రేగడి నీటిని తొందరగా మింగదు. కాబట్టి వాల్వు చుట్టూ బురద గుంట తయారై, లైను ఖాళీ అయ్యే వేళ ఆ బురదే పైపులోకి ఎగబాకింది.

మేము చేసిన పొరపాటు

ఇంత తెలిశాక కూడా మేము వెంటనే వాల్వులు తీసేయలేదు. సామాను తెచ్చినవాళ్ల డ్రాయింగును గౌరవించాలనుకున్నాం. ఆరు కొత్త డ్రెయిన్ వాల్వులు, ఒక్కోదాని కింద అడుగున్నర కంకర గుంట, చుట్టూ మట్టి రాకుండా గుడ్డ. అదే రోజు ఇంకో పని కూడా చేశాం. నీరు ఇంకే తీరికలేక పైన పారిపోతోందని 16 నిమిషాల తడిని నాలుగు ముక్కలు చేశాం, 4 నిమిషాలు నడిపి 45 నిమిషాలు ఆపేలా. విడిగా చూస్తే రెండూ మంచి పనులే. కలిపితే ఒకదాన్నొకటి చెడగొట్టాయి. తడిని నాలుగు ముక్కలు చేస్తే డ్రెయిన్ నాలుగుసార్లు తెరుచుకుంటుంది, జోన్‌కి 24 లీటర్లు నాలుగుసార్లు పోతాయి. పైగా ఖాళీ పైపు మళ్లీ నిండేసరికి 4 నిమిషాల్లో మొదటి అర నిమిషం గాలి వదలడానికే సరిపోతుంది. నిండుతున్న నీరు చివరికొచ్చి ఢీకొనే దెబ్బ గోడ దగ్గర నిలబడితే కాలికి తెలిసేది.

మొదటి రోజు చివరి హెడ్ దగ్గర 1.9 బార్ చూసి సంతోషించాం. పన్నెండో రోజుకి 1.5. కంకర గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. రేగడిలో తీసిన గుంట గిన్నెలాంటిది, అడుగు నుంచి పోయే దారి లేకపోతే కంకర పోసినా గిన్నే.

పని చేసింది

ఆరు డ్రెయిన్లనూ తీసేశాం. లైను మధ్యలో ఉన్న మూడు చోట్ల టీ (మూడు దారుల జాయింటు) కోసేసి నేరు కప్లింగు వేశాం. దీనికి పైపును రెండు వైపులా మీటరు చొప్పున తవ్వి బయటపెట్టాలి, లేకపోతే వంగదు, కప్లింగు ఎక్కదు. కోసిన కొసల్లో ఊరే నీటిని స్పాంజితో పిండి, పొడి గుడ్డతో తుడిచి, గరుకు కాగితం పట్టి అప్పుడే సొల్యూషన్ రాశాం. తడి మీద రాసిన సొల్యూషన్ పట్టినట్టే ఉండి నెలలో ఊడుతుంది. రాత్రంతా వదిలి మర్నాడు ప్రెషర్ ఇచ్చాం.

లైను చివర ఉన్న మూడు చోట్ల చేత్తో తిప్పే 25 ఎంఎం బాల్ వాల్వులు, చిన్న ఇటుక గదిలో. ఇది కొత్త ఊహేమీ కాదు. గుంటూరు చుట్టుపక్కల మిర్చికి డ్రిప్ వేసిన రైతు ఎవరైనా సబ్‌మెయిన్ పైపు చివర, లోపల చేరిన మట్టిని బయటికి కడిగేసే ఫ్లష్ వాల్వు లేకుండా లైను వేయడు. ఇంటి లాన్ దగ్గరికి వచ్చేసరికి అది మరిచిపోతున్నాం.

డ్రెయిన్లు తీసిన మొదటి సాయంత్రమే ఇంకో సంగతి బయటపడింది. జోన్ ఆగాక గోడ వైపు హెడ్లు పది నిమిషాలు కారుతూనే ఉన్నాయి. ఒకదాని కింద తట్ట పెడితే 5 లీటర్లు నిండింది. పైపులో నిలిచిన నీరు ఇప్పుడు వాలులో అన్నిటికన్నా కిందున్న హెడ్ నుంచి బయటపడుతోంది. గోడ వరుసలోని ఏడు హెడ్లకూ లోపల చెక్ వాల్వు (మోటారు ఆగాక నీరు కారకుండా ఆపేది) ఉన్న రకం పెట్టాం. అవి రెండు మీటర్ల పైచిలుకు నీటి ఎత్తును ఆపగలవు, ఇక్కడ వాలు 40 సెంటీమీటర్లే. మిగతా పద్నాలుగు మార్చలేదు, అవసరం లేదు. చలిదేశంలో లైను ఖాళీగా ఉండాలి, మన దగ్గర నిండుగా ఉండాలి. నిండుగా ఉంటే మోటారు ఆన్ చేసిన కొద్ది సెకన్లలో అన్ని హెడ్లూ ఒకేసారి లేస్తాయి, దెబ్బ ఉండదు, 4 నిమిషాల తడి 4 నిమిషాలూ పడుతుంది.

హెడ్లను పైపుకి గట్టి నిపుల్‌తో (పొట్టి మరల పైపు ముక్క) కాకుండా అడుగు పొడవు మెత్తటి పైపుతో కలిపాం. రేగడి వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. గట్టి నిపుల్ అయితే ఆ కదలికకు టీ దగ్గర విరుగుతుంది. తవ్విన కాలవల్లో పైపు చుట్టూ నాలుగంగుళాలు ఇసుక పోశాకే మట్టి కప్పాం.

మరలు

రెండో సోలినాయిడ్ వాల్వు ఉన్న పెట్టెలో ఎప్పుడూ చెమ్మ ఉండేది. వాల్వు 1 అంగుళం, అమెరికా మర. అక్కడి మరకు అంగుళానికి పదకొండున్నర చుట్లు, మన ఫిట్టింగులకు 11. మర కోణం కూడా అక్కడ 60 డిగ్రీలు, మన దగ్గర 55. మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, బలవంతంగా ఇంకో చుట్టు వేస్తే ఆడమర చీలుతుంది. ఇక్కడ అదే జరిగింది, పైన టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా ఆగలేదు. అర అంగుళం దగ్గర ఇంకో చిక్కు ఉంది. రెండు దేశాల్లోనూ 14 చుట్లే, కాబట్టి సాఫీగా ఎక్కుతుంది, కోణం తేడావల్ల నెమ్మదిగా చెమరుస్తుంది. డ్రెయిన్లలో రెండింటికి అదే చెమ్మ. వాల్వు రిపేరు చేయకుండా, గుంటూరు డ్రిప్ దుకాణాల్లో దొరికే మన మర ఉన్న 24 వోల్టుల సోలినాయిడ్ వాల్వు పెట్టాం. మిగతా రెండు వాల్వులు చెమ్మ లేకుండా ఉన్నాయి కాబట్టి ముట్టుకోలేదు. కాయిల్ రెసిస్టెన్సు 20 నుంచి 60 ఓముల మధ్య ఉంటే మామూలు, రెండూ ఆ లోపే ఉన్నాయి.

కంట్రోలరుకి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాన్ని స్టెప్ డౌన్ పెట్టి నడుపుతున్నారు. 60 హెర్ట్జ్‌కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. దాన్ని తీసి 230 నుంచి 24 వోల్టులకు దించే ఇక్కడి ట్రాన్స్‌ఫార్మర్ వేశాం.

చలిదేశపు వస్తువులన్నీ పీకేయలేదు. చలి పెరిగితే నీళ్లు ఆపే సెన్సార్ ఒకటి ఉంది. దానికి ఇక్కడ పని పడదు, హానీ లేదు, ఉంచేశాం. లాన్ నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వును మాత్రం పట్టుబట్టి ఉంచాం. ఇంట్లోకి వెళ్లే నీళ్లూ అదే సంపులోవి, లాన్‌లో ఎరువు పడుతుంది. ఒక్కో భాగానికి ఒకే ప్రశ్న వేశాం: ఇది దేని నుంచి కాపాడుతుంది, అది ఇక్కడ ఉందా?

తడి లెక్క, ఫలితం

ఈ నాజిళ్లు సరైన ప్రెషర్ దగ్గర గంటకు దాదాపు 40 మిల్లీమీటర్లు కురిపిస్తాయి. తడిసిన బంకనేల గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లే మింగుతుంది. అందుకే 4 నిమిషాలు నడిపి 45 నిమిషాల విరామం. వేసవిలో లాన్‌కి రోజుకి 5 మిల్లీమీటర్ల లెక్కన రోజు విడిచి రోజు 10 మిల్లీమీటర్లు, నాలుగు ముక్కలుగా, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగిసేలా పెట్టాం. మూడు జోన్లు ఒకదాని విరామంలో ఇంకోటి నడుస్తాయి కాబట్టి మొత్తం సమయం పెరగదు. వానాకాలంలో చేత్తో ఆపేయాలి. చూపుడువేలు రెండు కణుపులు దిగి మట్టి అంటుకుంటే ఆ రోజు తడి అక్కర్లేదని తోటమాలికి చూపించాం.

చివరి హెడ్ దగ్గర ప్రెషర్ 2.0 బార్, మోటారు దగ్గర 2.6. మూతలు పెట్టి చేసిన సంపు పరీక్షలో 10 నిమిషాలకు సుద్ద గీత కదల్లేదు. గ్లాసుల పరీక్షలో సగటు 6.1 మిల్లీమీటర్లు, తక్కువ నాలుగింటి సగటు 4.2, అంటే 69 శాతం. 1 హెచ్‌పీ మోటారే. ఆ మార్పు మూడు వారాలు నిలిచాకే పని అయిందన్నాం. పన్నెండో రోజు దెబ్బ తిన్నాక, బిగించిన రోజు అంకెను నమ్మడం మానేశాం.

రోహిణి కార్తెలో వెళ్లి చూస్తే గోడ పక్క గట్టిపడింది, పలకలు సర్దుకుంటున్నాయి. ఎండు మచ్చల్లో ఒకటి పూర్తిగా పచ్చబడింది. రెండోది అలాగే పాలిపోయి ఉంది, గ్లాసు పెడితే నీరు సరిగానే పడుతోంది. గునపం దించితే అర అడుగులో ఠంగుమంది. ఇల్లు కట్టినప్పటి కాంక్రీటు ముద్దలు, ఇటుక ముక్కలు. అడుగు లోతు తీసి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాం. దానికి స్ప్రింక్లర్‌తో సంబంధం లేదు.

తర్వాతి పనుల్లో మార్చుకున్నవి రెండు. నాజిల్ కడిగే ముందు జాలీలో ఉన్నది ఫిల్టర్‌కి ముందునుంచి వచ్చిన మట్టా, ఫిల్టర్ దాటాక చేరిన మట్టా అని పక్కపక్కనే తెల్ల కాగితం మీద పెట్టి చూస్తున్నాం. లీకు అనుమానం ఉన్న ప్రతి ఇంట్లో తవ్వకం ముందు మూతల పరీక్ష చేస్తున్నాం. దానికి పట్టేది గంట, అనవసరంగా తవ్వితే పోయేది రెండు రోజులు, ఆపైన గడ్డి.

ఫ్లష్ నెలకోసారి, మోటారు నడుస్తుండగా ఒక్కో చివర వాల్వు పూర్తిగా తెరిచి, నీళ్లు తేటపడేదాకా. మొదటిసారి మూడో జోన్ నుంచి నాలుగు బకెట్లు కాటుకలా నల్లగా వచ్చి, తర్వాత బూడిద రంగుకి తిరిగి, ఏడో బకెట్‌కి తేటపడ్డాయి. మూడో నెల అర బకెట్‌కే అడుగు కనిపించింది.